దొప్ప చేతుల చప్పుడు

ఇంకా రాలేదు. రాకపోతేనే మేలని ఒకసారి, తొందరగా వచ్చేస్తే ఈ పని అయిపోయి ఇంటికి పోయి నడుం వాల్చవచ్చునని ఇంకోసారి అనుకుంటూ ఈ చెదపుట్ట నీడలో కూర్చుని గంట కావస్తోంది. మోకాళ్ళు నావి కావన్నట్టున్నాయి. చెమట తాగడానికి మొపానే చెట్ల చిన్న ఈగలు కళ్ళలోకి దూరుతున్నాయి, తోలే ఓపిక లేదు, తాగనీ. ఎదురుగా ఎనభై అంగల దూరంలో నీటిగుంట, చుట్టూ నెర్రెలు విచ్చిన బురద, అవతల ముళ్ళపొదలు. పొద్దు వాలేవేళకు ఆమె రోజూ ఆ పొదల్లోంచే నీళ్ళకు దిగుతుందట. దిగగానే నా వెనక రాళ్ళ చాటున కూర్చున్న జంతువుల డాక్టరు గారు చెయ్యి ఎత్తుతారు, అప్పుడు నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి, మూడు విడతలు. ఆమె పట్టించుకోకుండా తన దారిన తాను పోతే అడవిలోనే ఉంటుంది. నా వైపు నడిచొచ్చి మధ్యలో పోసిన ఆ సున్నం గీత దాటిందా, డాక్టరు గారి తుపాకీలోంచి మత్తుసూది పోతుంది, గుట్ట వెనక లారీ మీద ఇనప పెట్టె తలుపు తెరిచే ఉంది, ఇక బతికినన్నాళ్ళూ ఎక్కడో దూరాన కంచెలోనే. చప్పట్లు నేనే ఎందుకు కొట్టాలంటే ఆ పాడు అలవాటు చేసింది నేనే కనుక.

ఆమె అంటే ఖడ్గమృగం. నల్లది, ఆడది, చెవుల మీద గాట్ల లెక్కన పదహారో నంబరు. డాక్టరు గారు ‘అది’ అంటారు. ఆయనది దూరాన బులవాయో పట్నం వైపు, ఆయనకు అది జంతువే, తప్పు పట్టను. నాకు నోరు రాదు. మా అమ్మ పుట్టిన వంశం ఖడ్గమృగానిది, మా సావే లోయలో తల్లి వంశం ఆడవాళ్ళంతా తల్లులే, చంటిపిల్ల అయినా సరే తల్లే, మరి వాళ్ళందరికీ మూలమైన ఆ మృగాన్ని ఏమనాలి. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వంశం పొగడ్తలు చదివేది, ముళ్ళు మేసేదానా, కోపం వస్తే గాలినైనా కుమ్మేదానా అని. చదివి చదివి ఆగి, ‘అది ఎంతుంటుందే ముచానేతా, ఎద్దంత ఉంటుందా?’ అని నన్నే అడిగేది. చూసిన పాపాన పోలేదు. అమ్మ పుట్టకముందే మా లోయలో ఆఖరిదాన్ని కొమ్ము కోసం చంపేశారు. చూడకుండానే పొగిడి పొగిడి చచ్చిపోయింది. ముచానేతా అని నాకు పేరు పెట్టింది కూడా అమ్మే, ‘మీరే అలసిపోతారు’ అని దాని అర్థం, పక్కింటివాళ్ళ నోళ్ళు మూయించడానికి పెట్టిన పేరు. పక్కింటివాళ్ళు అలసిపోయారో లేదో తెలియదు గానీ నేను మాత్రం అరవై ఏళ్ళుగా అలసిపోతూనే ఉన్నాను.

ఎక్కడినుంచో ఆమెను మా అడవికి తెచ్చిన లారీ వచ్చిన రోజు గుర్తుంది. ఊరంతా రోడ్డు పక్కన. పెట్టె కంతలోంచి ఒక ముక్కుపుటం, తడిగా, నా అరచెయ్యంత, బుస్సుమని ఊపిరి వదిలి మళ్ళీ పీల్చుకుంది. ఎద్దుకంటే పెద్దదే అమ్మా అనుకున్నాను, అంతమందిలో నిలబడి ఏడ్చాను, సిగ్గు కూడా వెయ్యలేదు. దొంగలకు ఆశ పుట్టకుండా కొమ్ము కోసేశారు, ముక్కు మీద మొద్దు మాత్రం మిగిలింది. ఆ మొద్దు కోసమూ చంపుతారట. ఆరు వారాలు దొడ్లో ఉంచి వదిలేస్తామన్నారు, ప్రయాణంలో కాలికి అయిన పుండు మానక ఐదు నెలలు ఉంచారు. ఆ ఐదు నెలలూ మేత వేసే పని నాది. మొదటిరోజే డాక్టరు గారు వరసగా చెప్పారు. దాంతో మాట్లాడొద్దు, పాడొద్దు, పేరు పెట్టొద్దు, ముట్టుకోవద్దు, మనిషంటే దానికి భయం పోకూడదు. అన్నిటికీ తల ఊపాను, అన్నీ పాటించాను కూడా, ఒట్టు. పొద్దున్నే బాల్చీ నిండా ఎండు లూసర్ను గడ్డి, చంకలో ముళ్ళకొమ్మల మోపు, కంచె సందులోంచి తోసేసి వచ్చేదాన్ని. కాకపోతే తోసేముందు చప్పట్లు కొట్టేదాన్ని. తల్లి ముందు తిండి పెడుతూ చేతులు కలపకుండా ఎలా పెడతారు. పెద్దవాళ్ళకు ఏదైనా ఇచ్చినా పుచ్చుకున్నా, ఎదురుపడినా, చావుకు వెళ్ళినా, ఆడవాళ్ళం అరచేతులు దొప్పల్లా వంచి అడ్డంగా కలిపి మెల్లగా తడతాం, బోలుగా, లోతుగా వస్తుంది చప్పుడు. మగవాళ్ళవి వేళ్ళకు వేళ్ళు ఆనించి తిన్నగా కొట్టే పలచని చప్పట్లు. చప్పట్లు కొడుతున్నానని నాకే తెలియదు. ఊపిరి పీలుస్తున్నామని ఎవరికి గుర్తుంటుంది.

తిండి అయిపోయాక ఇంకా కావాలని ఆమె సందు దగ్గరే నిలబడేది, పై పెదవి వేలులా చాపి. పాపం అనిపించేది. మాట్లాడకూడదు కదా, అందుకని బాల్చీ బోర్లించి, అడుగు మీద రెండుసార్లు తట్టి, వెనక్కి తిరిగి నిలబడేదాన్ని. అయిపోయింది తల్లీ, ఇవాళ్టికి ఇంతే. ఆ తట్టు వినగానే ఓ నిట్టూర్పు విడిచి మూలకు పోయేది. తల్లికి వీపు చూపించడం మర్యాద కాదు, నాకు తెలుసు, అందుకే తర్వాత ఇంటికెళ్ళి మనసులో క్షమించమని అడిగేదాన్ని. బుద్ధి తక్కువదాన్ని, వీపు చూపించినందుకు బాధపడ్డాను గానీ చప్పట్ల సంగతి ఒక్కరోజూ తట్టలేదు.

గాలి మారిందా. రాళ్ళ చాటునుంచి బూడిద పొగలా లేచి నీటిగుంటకు దూరంగా వెనక్కి పోయింది, అల్లుడు బూడిద సంచి విదిలించి గాలి చూస్తున్నాడు. మంచిదే, మా వాసన ఆమెకు పోదు. అల్లుడంటే చెంజెరాయి, మా అమ్మాయి సెకాయి మొగుడు, ఇక్కడ అడవి కాపలాదారు, ఆమె కాలిమడమ గీతలు చూసి ఏ పూట ఎటు పోయిందో చెప్పగలడు. పాదం పగుళ్ళు ఒకదానివి ఒకదానికి ఉండవట. నా పాదాల పగుళ్ళు చూసినా చెబుతాడేమో, ఇది మా అత్తగారని, నీళ్ళకు పోయి కుండ బరువుతో తిరిగొచ్చిందని. మంచివాడు. మాటకు ముందు నవ్వుతాడు. ఇవాళ పొద్దున్నుంచి నవ్వలేదు.

ఆమెను అడవిలోకి వదిలిన ఎనిమిదో వారంలో ఊరిపెద్ద అన్నగారు పోయారు. పొలం పక్కన చాపల మీద ఆడవాళ్ళం వరసగా కూర్చుని దుఃఖం చెప్పుకుంటూ చప్పట్లు, నలభై మంది దొప్ప చేతులు ఒక్కసారిగా. కోసిన జొన్నమోళ్ళ మీదుగా దుమ్ము లేచింది. దుమ్ములోంచి ఆమె. పరుగు కాదు, నడకే, దొడ్లో సందు దగ్గరికి వచ్చినట్టే వచ్చి, పొలం గట్టున నిలబడి, పెదవి చాపింది. ఇక చూడాలి ఊరి సంగతి. శవాన్ని వదిలేసి మగాళ్ళే ముందు పరిగెత్తారు. ఎప్పుడూ నడుం నొప్పని మూలిగే తంబుద్జాయి జొన్నల గాదె మీదికి ఎక్కి కూర్చుంది, సాయంత్రం దాకా దింపలేకపోయారు. ముసలమ్మలు కొందరు, చచ్చినాయన తల్లిది కూడా ఆ వంశమే కదా, చుట్టం చావుకు వచ్చిందన్నారు. నాకు తెలుసు ఆమె దేనికొచ్చిందో. ఎండుగడ్డి కోసం. మర్నాడు డాక్టరు గారి దగ్గరికి నేనే వెళ్ళి చెప్పాను.

‘అవ్వా, మాట్లాడొద్దని చెప్పాను కదా మీకు.’

‘మాట్లాడలేదు బాబూ.’

‘మరి చప్పట్లో?’

‘చప్పట్లు మాటలు కావు కదా.’

ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత ఊళ్ళో ఆజ్ఞ. ఆరుబయట ఎవరూ చప్పట్లు కొట్టరాదు, మృగం మరిచిపోయేదాకా. నాలుగు నెలలు. మా ఊళ్ళో చప్పట్లు కొట్టొద్దంటే మొహం కడుక్కోవద్దన్నట్టే. పెద్దవాళ్ళు ఎదురైతే ఆడవాళ్ళు చేతులు చంకల్లో ఇరికించుకుని మెలికలు తిరిగేవాళ్ళు. కొత్తకోడళ్ళు ఏడ్చారు, అత్తలు మాకు మర్యాద తెలియదనుకుంటున్నారని. అల్లుడు మా ఇంటికొచ్చి వాకిట్లో నేలమీద కూర్చున్నాడు, చేతులు తన ముందు వేరే ఎవరివో అన్నట్టు పెట్టుకుని.

‘అత్తయ్యా, వీటిని ఏం చెయ్యమంటారు?’

‘జేబులో పెట్టుకో.’

‘అత్తగారి ముందు జేబులో చేతులు పెట్టుకున్నానని తెలిస్తే మా నాన్న గోతిలోంచి లేచొచ్చి తంతాడు.’

‘లేచొస్తే ఆ చేత్తోనే నా మేకలదొడ్డి కంచె కట్టి పొమ్మను. నీకెటూ తీరిక లేదు.’

నవ్వాడు, నేనూ నవ్వాను, లోపల మాత్రం ఊరందరి చేతులూ నేనే కట్టేశానని బాధ. ఎవరూ మొహాన అనలేదు. ఒక్క తంబుద్జాయి అంది, బోరింగు దగ్గర, ‘నీ తల్లి మూలంగా మేమంతా గొడ్ల కిందైపోయాం పో.’ కుండ ఎత్తుకుని వచ్చేశాను. అలసిపోయాను, జవాబులు చెప్పి కూడా అలసిపోయాను.

అయినా నాలుగు నెలలు గడిచాయి, ఈపాటికి మరిచేపోయిందేమో అనుకున్నాం. పోయిన వారం రోడ్డు మీది కొట్టుకు ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. దుమ్ము అంటని బూట్లు. చల్లటి సీసాలు తాగి కొట్టామెను అడిగారట, ఇక్కడి ఆడవాళ్ళు చప్పట్లు ఎలా కొడతారమ్మా, ఒకసారి కొట్టి చూపించవా అని. ఆమె తెలివిగలది, వర్షాలు ఎప్పుడు పడతాయో అంటూ మాట మార్చి, వాళ్ళు కదలగానే చెంజెరాయికి కబురు పెట్టింది. ఆ కబురు విన్న రాత్రి డాక్టరు గారు పైవాళ్ళతో మాట్లాడి ఈ పరీక్ష పెట్టారు. పిలిస్తే వచ్చేదాన్ని అడవిలో ఉంచలేమన్నారు. నిజమే. పిలిస్తే వచ్చేది తల్లి అయితే ఎవడైనా పిలవచ్చు. నిజమేనని తెలుసు, తెలిసి కూడా మూడు రోజులుగా ఒకటే ఆలోచన, కొరకలేక మింగలేక. ఆడ చప్పట్లకే కదా ఆమె వచ్చేది. మగ చప్పట్లు కొడితే? తిన్నగా, వేళ్ళకు వేళ్ళు ఆనించి. డాక్టరు గారి వైపు ఇలా చప్పట్లు కొట్టుకునే వాడుక లేదు, ఆయనకు తేడా తెలియదు. ఆమె రాదు. లారీ ఖాళీగా పోతుంది. దొంగల సంగతి? దొంగల్ని చెంజెరాయి చూసుకుంటాడు. చూసుకోగలడా, ఇంత అడవికి కాపలా పన్నెండు మందే. అయినా ఆ ఇనప పెట్టె, ఆ కంతలోంచి మళ్ళీ ఆ ముక్కుపుటం. ఐదు నెలలు ఆ దొడ్లో ఆమె గుండ్రంగా తిరిగిన దారి ఇంకా ఉంది, వాన పడ్డా చెరగలేదు. జీవితమంతా ఆ గుండ్రం. మా అమ్మ చూడనైనా చూడలేకపోయింది, నేను చూసి, తిండి పెట్టి, ఆ తిండితోనే మళ్ళీ పట్టించాలా. తప్పో ఒప్పో ఆలోచించే వయసు దాటిపోయింది, నాకు ఇంటికి పోవాలని ఉంది.

పొద కదిలింది. ముందు పక్షులు లేచాయి, వీపు మీద పురుగులేరుకునే ఎర్రముక్కు పిట్టలు. తర్వాత తల. చిక్కిపోయింది, అక్టోబరు కదా, ఆకులెక్కడివి. చెవిలో నేనెరిగిన గాట్లు. బురద అంచున ఆగి, తల దించి, తాగుతోంది, ఆ చప్పుడు ఇంతదూరం వినిపిస్తోంది. వెనక్కి చూశాను, డాక్టరు గారి చెయ్యి లేచింది. మోకాళ్ళ మీద చేతులు ఊని లేచాను. వేళ్ళు తిన్నగా చాపాను, ఎంత కష్టమో, అరవై ఏళ్ళు వంగిన వేళ్ళు. కొట్టాను. పలచగా, మగాడి చప్పుడు. తాగుతూనే ఉంది. రెండో విడత. ఒక చెవి ఇటు తిరిగి మళ్ళీ పోయింది. మూడో విడత. ఏమీ లేదు. వెనక డాక్టరు గారు నవ్విన చప్పుడు, తుపాకీ తెరిచి సూది బయటికి తీసిన చప్పుడు. ‘అయిపోయింది అవ్వా! మరిచిపోయింది!’ అంటున్నారు, కుర్రాడిలా గొంతు పొంగిపోతూ. నేను చెంజెరాయి వైపు చూడలేదు. వాడికి తెలుసు. అల్లుడు కదా, ఏళ్ళ తరబడి నా ముందు కొట్టినవి ఆ చప్పట్లే.

వాడు వచ్చాడు. మోకాలు వంచి, రేకు గ్లాసులో నీళ్ళు పోసి, పద్ధతి ప్రకారం రెండు చేతులతో చాచాడు. గొంతు ఎండిపోయి ఉంది, ఆ నీళ్ళు, ఆ వంగిన మోకాలు, నా అబద్ధాన్ని చూసీ చూడనట్టు దించుకున్న ఆ కళ్ళు, వీడెంత మంచివాడు, సెకాయి అదృష్టవంతురాలు అనుకుంటున్నాను, అనుకుంటుండగానే విన్నాను. బోలుగా, లోతుగా. నా చేతులే. పుచ్చుకునేముందు కొట్టే చప్పట్లు.

చెంజెరాయి మొహం పాలిపోయింది. గుంట దగ్గర తాగే చప్పుడు ఆగింది. రెండు చెవులూ ఇటే. వస్తోంది. బురద దాటింది, సున్నం గీత దాటింది, పరుగు కాదు, ఎప్పటిలాగే నమ్మకంగా. ‘అత్తయ్యా, కదలకండి,’ అన్నాడు వాడు, పెదవి కదపకుండా. వెనక డాక్టరు గారు సూది కోసం తడుముకుంటున్నారు, పెట్టెలో ఏదో దొర్లింది. పదిహేను అంగలు. ఆగింది. పై పెదవి చాపింది. పక్కటెముకలు లెక్కపెట్టచ్చు. మరిచిపోలేదు తల్లీ, ఒక్కటీ మరిచిపోలేదు నువ్వు. నా దగ్గర ఏముంది, గ్లాసెడు నీళ్ళు. గ్లాసు. అల్లుడి చేతిలోంచి తీసుకున్నాను. నీళ్ళు నేలమీద వంపేశాను, దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా వంపేశాను. బోర్లించాను. అడుగు మీద వేలితో తట్టాను. టక్. టక్. వెనక్కి తిరిగాను.

ఇప్పుడు నాకు ఆమె కనబడదు. చెంజెరాయి కళ్ళు కనబడుతున్నాయి, అంతే. అవి నా భుజం పక్కన ఒకచోట నిలిచిపోయాయి. వీపంతా చెవులైంది. ఊపిరి విన్నాను, తడిగా, బుస్సుమని. తర్వాత నిట్టూర్పు, దొడ్లో విడిచిన నిట్టూర్పే. వాడి కళ్ళు కదిలాయి, మెల్లగా ఎడమకు, ఇంకా ఎడమకు, దూరానికి. చాలాసేపటికి వాడు గాలి వదిలాడు. అక్కడే కూలబడ్డాను.

డాక్టరు గారు వచ్చి ఎదురుగా దుమ్ములో కూర్చున్నారు. తుపాకీ ఒళ్ళో, సూది చేతిలో.

‘ఇప్పుడు చేసిందేమిటవ్వా?’

‘అయిపోయిందని చెప్పాను. దొడ్లో అలాగే చెప్పేదాన్ని.’

‘మరి మొదట కొట్టినవి?’

‘మగాళ్ళ చప్పట్లు. మిమ్మల్ని మోసం చేశాను బాబూ.’

అల్లుడు నేల చూశాడు. డాక్టరు గారు సూదిని డబ్బాలో పెట్టారు, మూత పట్టక రెండుసార్లు ప్రయత్నించారు. పొదలవైపు చూస్తూ, నాతో కాక తనతో అన్నట్టు మాట్లాడారు.

‘నాలుగు నెలలు ఊరందరి చేతులూ కట్టేసి కూర్చున్నాను. తప్పు నాది. చప్పుడు వినకపోతే మరిచిపోదు అవ్వా. విని వచ్చి, ఏమీ దొరక్కపోతే, అప్పుడు మానేస్తుంది. లారీని పంపేస్తాను. పైవాళ్ళను రెండు నెలల గడువు అడుగుతాను. ఈలోపు చెంజెరాయి మనుషులు దాని వెనకే ఉంటారు. మీరు రోజూ ఈ వేళకు రావాలి. పిలవాలి, మీ చప్పట్లతోనే. వస్తే బోర్లించి చూపించి వెనక్కి తిరగాలి.’

‘ఎన్నాళ్ళు?’

‘పిలిచినా రాకుండా పోయేదాకా.’

చేతులు చూసుకున్నాను. ఒళ్ళో పడి ఉన్నాయి, దొప్పల్లా వంగి, ఖాళీగా. రోజూ రావాలి. ఆకలితో ఉన్న తల్లిని పిలిచి, వచ్చాక, ఏమీ లేదని చెప్పాలి. రేపు వస్తుంది. ఎల్లుండి వస్తుంది. పెదవి చాపి నిలబడుతుంది. ఒకరోజు సగం దాకా వచ్చి ఆగుతుంది. ఒకరోజు తల ఎత్తి చూసి ఊరుకుంటుంది. నన్ను నమ్మడం మానేసిన రోజున ఇక కంచె ఉండదు, పెట్టె ఉండదు. అమ్మా, నువ్వు నాకు పెట్టిన పేరు ఇన్నాళ్ళకు పనికొచ్చేట్టుంది, చూద్దాం మా ఇద్దరిలో ఎవరు ముందు అలసిపోతామో. ఆమే అలసిపోవాలి. నాకు వీల్లేదు.

చెంజెరాయి నన్ను లేపడానికి చెయ్యి ఇచ్చాడు. పట్టుకుని లేచాను, మోకాళ్ళు కిర్రుమన్నాయి. సున్నం గీత మీద ఆమె అడుగు ఒకటి ముద్ర పడి ఉంది, పగుళ్ళతో సహా. దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచాను.

‘దొడ్డి పక్క గదిలో నా పాత బాల్చీ ఉందేమో చూడు,’ అన్నాను వాడితో. ‘ఈ గ్లాసు చప్పుడు దూరానికి చాలదు.’